ఒక బాయి నడవాలంటే ఒక బాయి ఎండాలి
(నీళ్ల చరిత్ర - 9వ భాగం)

తెలంగాణ బొగ్గు ప్రాంతంలో బొగ్గుగనిని గని అనరు, బాయి అంటారు. "మా నాయిన బాయికి పోయిండు" అంటే నీళ్లు తేవడానికి పోయాడని కాదు, షిఫ్టుకు పోయాడని. నీళ్ల బావి కూడా బాయే. తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఒక మాటకు రెండు అర్థాలు ఎలా వచ్చాయని తవ్వడం నాకు అలవాటు. రెండింటిలోనూ మనిషి కిందికి దిగుతాడు, రెండింటిలోనూ నీళ్లు ఊరుతాయి. తేడా ఒక్కటే. ఒక బాయిలో నీళ్లు ఉండాలి, ఇంకో బాయిలో నీళ్లు ఉండకూడదు. బొగ్గుబాయి నడవాలంటే దాని చుట్టూ ఉన్న నేలలోంచి నీళ్లు తోడి పారబోయాలి. ఆ నేలలోనే మన మంచినీళ్ల బాయి కూడా ఉంటుంది.

ఈ సిరీస్‌లో ఇప్పటిదాకా కంటికి కనిపించే నీళ్ల గురించి రాశాను. చెరువు, కాలువ, ఊరి బావి. ఎవరు ముట్టుకోవచ్చు, ఎవరు ముట్టుకోకూడదు అన్నదే అక్కడ తగాదా. ఈ భాగం కంటికి కనిపించని నీళ్ల గురించి. భూగర్భ గని చుట్టూ నీళ్లు ఎట్లా ఉంటాయి, ఎటు పోతాయి, ఆ సంగతి ఎవరికి తెలుసు, ఎవరికి తెలియనివ్వలేదు అన్నది దీని విషయం. నేను చెప్పదలచుకున్నది ముందే చెప్తాను. కింది నీళ్ల విషయంలో ముట్టుకునే హక్కు ఒక్కటే సరిపోదు. ఆ నీళ్ల పటం, లెక్క చూసే హక్కు కూడా ఉండాలి. అది లేకపోతే పై కులపోళ్లు ఎవరూ మన బావి దగ్గరికి రాకుండానే మన బావి ఎండిపోతుంది. ఎవరి మీద కేసు పెట్టాలో కూడా మనకు తెలియదు.

గని నీళ్లు ఎట్లా తాగుతుంది

ముందు కొంచెం సైన్సు. సాహిత్యం చదివినవాళ్లం కదా అని దీన్ని దాటేస్తే, రేపు ప్రజాభిప్రాయ సేకరణలో ఇంజనీరు చెప్పిందల్లా వినాల్సి వస్తుంది.

భూమి కింద నీళ్లు నదిలాగా పారుతున్నాయని చాలామంది అనుకుంటారు. అది తక్కువ చోట్ల. ఎక్కువ చోట్ల నీళ్లు రాతి సందుల్లో, ఇసుకరాయి గుల్లల్లో, పగుళ్లలో ఉంటాయి. తడిసిన ఇటుకలో నీళ్లున్నట్టు. గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయి పొరలు ఉంటాయి. వాటి మధ్య బంకమట్టి లాంటి పొరలుంటాయి. ఇసుకరాయి నీళ్లను పట్టుకుంటుంది, పోనిస్తుంది. బంకమట్టి పొర అడ్డుకుంటుంది. కాబట్టి ఒకే చోట నిలువునా రెండు మూడు అంతస్తుల్లో నీళ్లుండొచ్చు. ఊళ్లో తవ్విన బావిలో ఉన్నవి పై అంతస్తు నీళ్లు. గనికి తగిలేవి కింది అంతస్తు నీళ్లు.

గని తవ్వడం మొదలుకాగానే నీళ్లు ఊరతాయి. వాటిని పల్లంలో ఉన్న సంపులోకి మళ్లించి పంపులతో పైకి తోడతారు. తోడేకొద్దీ గని చుట్టూ నీటి మట్టం గరాటు ఆకారంలో పడిపోతుంది. గని దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా. ఆ గరాటు అంచు ఎంత దూరం పోతుందో రాయిని బట్టి, లోతును బట్టి, ఎన్నేళ్లు తోడారో దాన్ని బట్టి ఉంటుంది. ఆ గరాటు లోపల పడిన బావి ఎండుతుంది.

మొదటి ఏళ్లలో పై అంతస్తు బావులకు ఏమీ కాకపోవచ్చు. మధ్యలో బంకమట్టి పొర కాపాడుతుంది. అసలు మార్పు తర్వాత వస్తుంది. బొగ్గుబాయిలో మొదట గ్యాలరీలు తవ్వి మధ్యలో బొగ్గు స్తంభాలను వదిలేస్తారు. వాటినే పిల్లర్లు అంటారు. చివర్లో ఆ పిల్లర్లను కూడా తీసేస్తారు. దాన్ని డిపిల్లరింగ్ అంటారు. ఖాళీ అయిన చోట ఇసుక నింపితే పైకప్పు కొంత ఆగుతుంది. నింపకపోతే కప్పు కూలుతుంది. కూలిన చోట నుంచి పగుళ్లు ఒక్కో పొర ఎక్కుతూ పైకి పోతాయి. ఒక్కోసారి నేల మీదికి వచ్చి పొలంలో నెర్రెలుగా కనిపిస్తాయి. ఆ పగులు బంకమట్టి పొరను దాటిందంటే పై అంతస్తు నీళ్లకు కిందికి దారి దొరికినట్టే. నిరుటిదాకా నీళ్లున్న బావి ఈ ఏడు ఎందుకు ఎండిందో ఊరికి అర్థం కాదు. "వానలు లేవు కదా" అంటారు ఆఫీసర్లు. అది నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. ఏది నిజమో తేల్చడానికి లెక్క కావాలి.

ఆ లెక్క అసాధ్యమేమీ కాదు. గని చుట్టూ వేర్వేరు దూరాల్లో, వేర్వేరు లోతుల్లో సన్నని బోర్లు వేసి నీటి మట్టం కొలుస్తారు. వీటిని పీజోమీటర్లు అంటారు. ఒక బోరును తోడుతూ పక్క బోర్లలో మట్టం ఎంత పడుతుందో, ఎంత సేపట్లో పడుతుందో చూస్తారు. దాంతో రాయి నీళ్లను ఎంత సులువుగా పోనిస్తుందో తెలుస్తుంది. గని పంపులు రోజుకు ఎన్ని గంటలు నడిచాయో రాస్తారు. వాన పడ్డాక కొద్ది రోజులకే గనిలో ఊట పెరిగితే నేల మీదికి పగుళ్లు ఉన్నాయన్న అనుమానం బలపడుతుంది. ఎండాకాలంలోనూ ఊట తగ్గకపోతే ఎప్పటి నుంచో నిలువ ఉన్న నీళ్లు తోడుతున్నారని అనుకోవాలి. నీళ్లలో కరిగిన ఉప్పులు, సల్ఫేటు, ఇనుము కొలిస్తే ఏ పొర నీళ్లు ఏ పొరలో కలుస్తున్నాయో జాడ దొరుకుతుంది.

ఒక చిన్న లెక్క వేయండి. నిమిషానికి 1,000 లీటర్లు తోడే పంపు రోజుకు 20 గంటలు నడిస్తే 12 లక్షల లీటర్లు. జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటుంది. ఆ లెక్కన ఒక్క పంపు పారబోసేది 21 వేల మందికి పైగా సరిపోయే నీళ్లు. గనిలో పంపు ఒక్కటే ఉండదు.

"మాకు తెలియదు" అన్న మాట చట్టమైన కథ

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. కింది నీళ్ల మీద ఇవాళ్టికీ మనల్ని పాలిస్తున్న న్యాయసూత్రం ఎక్కడ పుట్టిందో తెలుసా? ఒక బొగ్గుగని పక్కన ఎండిపోయిన బావి దగ్గర.

ఇంగ్లండులో లాంకషైర్ ప్రాంతం. ఒక నూలుమిల్లు యజమాని తన మిల్లు కోసం బావి తవ్వుకున్నాడు. కొన్నేళ్లకు కొంత దూరంలో ఇంకొకరు బొగ్గు గుంటలు తవ్వారు. బావి ఎండింది. మిల్లు యజమాని కోర్టుకు పోయాడు. ఆక్టన్ వర్సెస్ బ్లండెల్ అనే ఆ కేసులో 1843లో తీర్పు వచ్చింది. బావి యజమాని ఓడిపోయాడు. కోర్టు వాదన ఏమంటే, నేల మీద పారే వాగు అందరికీ కనిపిస్తుంది, కాబట్టి దాని మీద ఇరుగుపొరుగుకు హక్కులు, బాధ్యతలు ఉంటాయి. నేల కింద నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ఎవరికీ తెలియదు, కాబట్టి వాటి మీద అలాంటి హక్కులు ఉండవు. తన భూమిలో తాను తవ్వుకుంటే పక్కవాడి బావి ఎండినా అది నష్టమే కానీ నేరం కాదు.

దీన్ని రెండుసార్లు చదవండి. "తెలియదు" అన్నది ఇక్కడ సిగ్గుపడాల్సిన విషయం కాలేదు. అదే న్యాయానికి పునాది అయింది. తెలియనంత కాలం గని యజమాని గెలుస్తాడు. తెలుసుకోవాల్సిన అవసరం గని యజమానికి ఎందుకుంటుంది?

ఆ ఆలోచనే సముద్రం దాటి మన దేశానికి వచ్చింది. 1882లో చేసిన ఈజ్‌మెంట్స్ చట్టం, తన నేల కింద స్పష్టమైన దారి కట్టి పారని నీళ్లను తన హద్దులోపల తోడుకుని వాడుకునే హక్కు భూయజమానికి ఉందని చెప్పింది. ఈ చట్టం మొదట వర్తించిన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అంటే ఇవాళ్టి ఆంధ్ర ప్రాంతం అప్పుడు దాని కిందే ఉంది. నిజాం రాజ్యం ఆ పరిధిలో లేదు. కానీ భూమి ఎవరిదో కింది నీళ్లు వాళ్లవే అన్న ఆలోచనకు సరిహద్దులు అడ్డం రాలేదు.

ఈ సూత్రాన్ని మన వాడలో నిలబడి చూడండి. నీళ్ల హక్కు భూమి హక్కుకు తోకగా కట్టేశారు. భూమి ఎవరికుంది? తరతరాలుగా భూమి దక్కనివ్వని కులాలకు కింది నీళ్ల మీద కూడా హక్కు లేకుండా పోయింది. ఇందులో "మాల", "మాదిగ" అన్న మాటలు ఎక్కడా లేవు. అంటరానితనం గురించి ఒక్క వాక్యం లేదు. అయినా ఊరి బావి గట్టు మీద కట్టె పట్టుకుని కూచున్నవాడు చేసే పనే అది చేసింది. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' కథ క్లాసులో చెప్పేటప్పుడు పిల్లలకు బావి గట్టు కనిపిస్తుంది, కోపం వస్తుంది. చట్టంలో ఉన్న గట్టు కనిపించదు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. ఒహాయో రాష్ట్ర సుప్రీంకోర్టు 1861లో, కింది నీళ్ల కదలిక అంతుపట్టని రహస్యం కాబట్టి దాని మీద నియమాలు పెట్టడం కుదరదంది. అదే కోర్టు 1984లో ఆ తీర్పును తానే కొట్టేసింది. ఆ కేసు కూడా తవ్వకానిదే. ఒక రాతి క్వారీ నీళ్లు తోడేస్తుంటే పక్కవాళ్ల బావులు ఎండాయి. ఇప్పుడు భూగర్భజల శాస్త్రం పెరిగింది, తెలియదన్న సాకు ఇక చెల్లదని కోర్టు చెప్పింది. నీళ్లు మారలేదు, రాయి మారలేదు. మారింది తెలుసుకునే శక్తి. తెలుసుకోగలిగిన రోజున న్యాయం కూడా మారాల్సి వచ్చింది. గని చుట్టూ నీళ్లు కొలవడం ఇంజనీర్ల పని మాత్రమే కాదని నేను అనేది ఇందుకే.

ఇల్లెందు నుంచి గోదావరిఖని దాకా

మన దగ్గరికి వద్దాం. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. పక్కనున్న సింగరేణి ఊరి పేరే తర్వాత కంపెనీ పేరైంది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో ఉత్పత్తి మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఈ మధ్యలో ఒక ముచ్చట ఉంది. ఆ తవ్వకం హక్కులు, కంపెనీ వాటాలు చేతులు మారిన తీరు మీద పెద్ద గొడవ లేచి 1888లో లండన్‌లో పార్లమెంటు కమిటీ విచారణ జరిగింది. ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంత తిన్నారు అన్నది అక్కడ ప్రశ్న. ఇల్లెందు నేల మీద బతుకుతున్న కోయల గురించి, బాయి దిగబోయే కూలీల గురించి, వాళ్లు తాగే నీళ్ల గురించి కాదు.

బాయి దిగినవాళ్లు ఎవరో మనకు తెలుసు. ఊళ్లో వెట్టి భరించలేక, భూమి లేక, దొర గడి నీడ నుంచి తప్పించుకోవడానికి పోయిన మాలలు, మాదిగలు, ఆదివాసీలు, చేతిపనుల కులాలవాళ్లు. బాయి పని వాళ్లకు కూలి పైసలు ఇచ్చింది. యూనియన్ ఇచ్చింది. పిల్లలకు చదువు ఇచ్చింది. బొగ్గు ప్రాంతం నుంచి కాలేజీకి వచ్చే మన పిల్లల వెనుక బాయి పని చేసిన తాతో తండ్రో ఉంటాడు. కాబట్టి నేను బాయికి శత్రువును కాదు. బాయి మూసేస్తే నీళ్లు వస్తాయన్న సులువు మాట కూడా చెప్పను. బాయి మూసినాక వచ్చే నీళ్లు ఇంకా ప్రమాదకరం.

ఎందుకంటే పంపులు ఆగిన రోజు నుంచి నీళ్లు తిరిగి వస్తాయి. పాత గ్యాలరీలన్నీ మెల్లగా నిండుతాయి. పైన చూస్తే గడ్డి మొలిచిన నేల. కింద నిండిన చెరువు. ఆ చెరువుకు గట్టు అంటే మధ్యలో వదిలిన బొగ్గు గోడ. పక్కనో కిందనో ఇంకో బాయి నడుస్తుంటే, ఆ గోడ మందం ఎంత అన్నదే కార్మికుడి ప్రాణం.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1815లో ఇంగ్లండు ఈశాన్యంలోని హీటన్ బొగ్గుగనిలోకి పాత తవ్వకాల నీళ్లు విరుచుకుపడి 75 మంది పెద్దలు, పిల్లలు చనిపోయారు. మూసేసిన గనుల పటాలను ప్రభుత్వం దగ్గర దాచాలన్న నియమం అక్కడ 1872 చట్టంతో గానీ రాలేదు.

మన దేశంలో 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి పైనున్న పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్లు దూకాయి. అధికారిక లెక్క ప్రకారం 375 మంది చనిపోయారు. 1989లో మహావీర్ గనిలో నీళ్లు చొరబడి 71 మంది చిక్కుకుంటే, పైనుంచి బోరు వేసి ఉక్కు గొట్టం లాంటి క్యాప్సూల్‌లో 65 మందిని ఒక్కొక్కరిగా పైకి లాగారు. ఆరుగురు దక్కలేదు. 2001లో బాగ్‌డిగీ గనిలో పక్కనున్న పాత జైరాంపూర్ గని నీళ్లు వచ్చి 29 మంది పోయారు. 2003 జూన్ 16న మన గోదావరిఖనిలో, 7 ఎల్‌ఈపీ గనిలో నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. 2018 డిసెంబర్‌లో మేఘాలయలోని తూర్పు జైంతియా కొండల్లో ఎలుకబొరియ లాంటి గనిలో 15 మంది మునిగిపోయారు. అక్కడ అసలు పటం అన్నదే లేదు. లోపల ఏ బొరియ ఎటు పోతుందో రక్షించడానికి వచ్చిన నేవీ డైవర్లకు కూడా తెలియదు.

1957 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం, నీళ్లు లేవని తేలని పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపలికి వచ్చినప్పుడు ముందస్తు అనుమతి తీసుకోవాల్సి ఉండేది, ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ పోవాల్సి ఉండేది. రూలు మంచిదే. కానీ 60 మీటర్లు ఎక్కడి నుంచి కొలుస్తారు? పటం నుంచి. ఆ పటం తప్పయితే ఆ 60 మీటర్లకు అర్థం లేదు. కాగితం మీద గోడ ఉంటుంది, కింద ఉండదు.

ఇదే ఈ చరిత్రలో రెండో బాయి కథ. మన వాడలో తల్లి బిందె పట్టుకుని ఎండిన బాయి దగ్గర నిలబడింది. అదే వాడ కొడుకు నిండిన బాయిలో మునిగాడు. ఒకరికి నీళ్లు లేక, ఒకరికి నీళ్లెక్కువై. ఇద్దరి దగ్గరా లేనిది ఒక్కటే, ఆ నీళ్లు ఎక్కడున్నాయో చెప్పే కాగితం.

మహాద్‌ను ఇంకోసారి చదువుదాం

1927 మార్చి 20న అంబేడ్కర్ మహాద్‌లో చవదార్ చెరువు నీళ్లు చేతిలోకి తీసుకున్నారు. మనం ప్రతి ఏడాది ఆ రోజును గుర్తు చేసుకుంటాం. కానీ ఆ తర్వాత పదేళ్లు నడిచిన కోర్టు కేసును అంతగా గుర్తు చేసుకోం. ఆ చెరువు మాది, ప్రైవేటుది, అంటరానివాళ్లు రావడానికి లేదని సవర్ణులు కేసు వేశారు. కోర్టులో తేలాల్సినవి రెండు. చెరువు ఎవరిది? అంటరానివాళ్లను దూరం పెట్టే ఆచారం నిజంగా అనాదిదా? మొదటి ప్రశ్నకు జవాబు సర్వే రికార్డుల్లో, మున్సిపాలిటీ కాగితాల్లో ఉంది. రెండో దాన్ని సవర్ణులు రుజువు చేయలేకపోయారు. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు వాళ్ల అప్పీలును కొట్టేసింది.

అంటే మహాద్ పోరాటం నీళ్లు ముట్టుకోవడంతో మొదలై, నీళ్ల కాగితాన్ని చదవడంతో గెలిచింది. అంబేడ్కర్ బారిస్టరు కావడం అక్కడ యాదృచ్ఛికం కాదు.

ఇంకో సంగతి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో అంబేడ్కర్ కార్మిక శాఖ చూశారు. గనులు ఆ శాఖ కిందే ఉండేవి. నీటిపారుదల, విద్యుత్ కూడా ఆ శాఖ కిందే. 1943 డిసెంబర్‌లో ఆయన ధన్‌బాద్ బొగ్గు ప్రాంతానికి వెళ్లి గనిలోకి దిగి చూశారు. 1944లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్స్ వచ్చింది. దామోదర్ లోయ పథకం పనులు కూడా ఆ కాలంలోనే ఆ శాఖలో నడిచాయి. బొగ్గు, నీళ్లు, కార్మికుడు అప్పుడు ఒకే బల్ల మీద ఉన్నారు. ఇవాళ బొగ్గు ఒక మంత్రి దగ్గర, నీళ్లు ఇంకో మంత్రి దగ్గర, కార్మికుడి భద్రత మూడో శాఖలో, పర్యావరణ అనుమతి నాలుగో శాఖలో. మన వాడ బావి ఏ ఫైల్లో ఉందో అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చెయ్యి చూపిస్తారు.

కాగితం అడగడం ఎట్లా

2006 పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద పెద్ద గనులకు అనుమతి ఇచ్చే ముందు నివేదిక తయారు చేయాలి, ఆ నోటిఫికేషన్ మినహాయించిన సందర్భాల్లో తప్ప ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. నివేదికలో గని ప్రాంతాన్ని కోర్ జోన్ అని, చుట్టూ సాధారణంగా 10 కిలోమీటర్ల దాకా బఫర్ జోన్ అని చూపిస్తారు. మన ఊరు చాలాసార్లు ఆ "బఫర్"లో ఒక చుక్క. చుట్టుపక్కల బావుల్లో నీటి మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలవాలని బొగ్గుగనుల అనుమతుల్లో మామూలుగా షరతు పెడతారు. ఎండాకాలంలో, వానాకాలంలో, వానలు వెళ్లాక, చలికాలంలో. అంటే లెక్క ఉండి తీరాలి. లేదంటే షరతు ఉల్లంఘించినట్టు.

ప్రజాభిప్రాయ సేకరణకు పోయే విద్యార్థులకు, కార్యకర్తలకు నేను చెప్పేది ఇది. "మా నీళ్లు పోతున్నాయి సార్" అని మాత్రమే అనకండి. అది వాళ్లు విని విని అలవాటు పడిన మాట. ఈ ప్రశ్నలు అడగండి.

మీరు కొలిచే బావులు ఏవి? వాటిలో మా మాలవాడ, మాదిగవాడ, కోయగూడెం బావి గానీ చేతిపంపు గానీ ఒక్కటైనా ఉందా? ఎందుకంటే నీటి మట్టం పడ్డప్పుడు డబ్బున్నవాడు బోరును ఇంకో 100 అడుగులు దింపుకుంటాడు. తక్కువ లోతున్న వాడ బావి ముందు ఎండుతుంది. లోతైన బోరును కొలిచి "నీళ్లున్నాయి" అని రాస్తే ఆ వాక్యం అబద్ధం కాకపోవచ్చు, కానీ అది మన గురించి కాదు.

గని మొదలు కాకముందు మట్టం ఎంత? మొదటి కొలత లేకపోతే తర్వాతి కొలతలకు విలువ లేదు. ఇప్పటికే పడిపోయిన మట్టాన్ని "మామూలు మట్టం" అని రాసుకుంటే నష్టం కాగితం మీద మాయమవుతుంది.

పై పొర నీళ్లను, కింది పొర నీళ్లను వేర్వేరుగా కొలిచారా, కలిపి కొలిచారా? డిపిల్లరింగ్ మొదలైన తేదీ ఏది? ఆ తేదీకి ముందు, తర్వాత ఊట ఎంత? ఇసుక నింపుతున్నారా, కప్పు కూలనిస్తున్నారా? పంపులు నెలకు ఎన్ని గంటలు నడిచాయి? ఆ రిజిస్టర్ ఎక్కడ?

గని నీళ్లను చెరువులకు, ఊళ్లకు ఇస్తున్నామని చెప్తారు. సంతోషం. ఆ నీళ్ల పరీక్షల ఫలితాలు ఏ పంచాయతీ గోడ మీద ఉన్నాయి? గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మేఘాలయ వాగుల్లా మన నీళ్లు పుల్లగా మారే ప్రమాదం తక్కువే. కానీ తక్కువ అంటే లేదని కాదు. కఠినత్వం, కరిగిన ఉప్పులు, ఇనుము కొలవకుండా బిందెలో పోయకూడదు.

చివరగా, బాయి మూశాక ఏమిటి? పంపులు ఆపిన తర్వాత నీళ్లు ఎంత ఎత్తుకు వస్తాయి, ఎన్నేళ్లకు వస్తాయి, పక్క బాయికి అడ్డుగోడ ఎంత? ఈ ప్రశ్న ఊరు అడగాలి, యూనియన్ కూడా అడగాలి. ఇప్పుడు సింగరేణి ఉత్పత్తిలో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్ట్‌లదే. భూగర్భ బాయిలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. అంటే కింద నిండే చెరువులు పెరుగుతున్నాయి. పాత బాయి నడిచిన కాలాన్ని చూసిన పెద్దకార్మికులు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ గ్యాలరీ ఎక్కడ ఆగిందో, ఏ మూల ఊట ఎక్కువో వాళ్ల తలల్లో ఉంది. సర్వేయర్ పటంలో తప్పుంటే పట్టుకోగలిగేది వాళ్లే. మన రీసెర్చ్ స్కాలర్లు వాళ్ల దగ్గర పాటలు సేకరిస్తారు, కథలు సేకరిస్తారు. నీళ్ల జ్ఞాపకాలు కూడా సేకరించండి. తేదీతో, బాయి పేరుతో, సీమ్ నంబరుతో రాసుకోండి.

ఇవన్నీ అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. బావులను, బోర్లను నియంత్రించడానికి 2002లో చేసిన వాల్టా చట్టం ఉంది. అవి గొప్ప చట్టాలని నేననను. రైతు బోరు వేస్తే అడ్డుకునేంత చురుకుగా అవి గని పంపును పట్టుకోవు. అయినా వాటిలో ఒక పట్టు ఉంది. 1843లో కోర్టు "ఎవరికీ తెలియదు" అని చెప్పి తప్పించుకుంది. ఇవాళ ప్రతి గనికీ కొలతలున్నాయి, పటాలున్నాయి, పంపు రిజిస్టర్లున్నాయి. తెలియకపోవడం అయిపోయింది. ఇప్పుడు మిగిలింది తెలిసినదాన్ని దాచడం. తెలియకపోతే చట్టం క్షమించింది. దాచిపెడితే మనం క్షమించాల్సిన పని లేదు.

మన తాతలను బావి గట్టు ఎక్కనివ్వలేదు. మన తల్లుల బిందెలో పైనుంచి నీళ్లు పోశారు, దయ చేసినట్టు. ఇవాళ ట్యాంకర్ పంపి అదే దయ చూపిస్తున్నారు. ట్యాంకర్ వచ్చిన రోజు బిందె పట్టండి, తప్పులేదు, దాహం ఆగదు. కానీ బిందె నిండాక ట్యాంకర్‌తో వచ్చిన ఆఫీసరును అడగండి, పీజోమీటర్ రీడింగులు ఏవని.

వచ్చే భాగంలో ఫ్లోరైడ్ గురించి రాస్తాను. మీ ఊళ్లో గని పక్కన బావి ఉంటే దాని లోతు, నీళ్ల మట్టం, ఎండిన ఏడు కింద రాయండి. ఊరి పేరు రాయండి, మనుషుల పేర్లు వద్దు.

జై భీమ్.